మాటకు యజమాని ఎవరు? ‘వెల్’ సహవాసము (1985–2012): ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతము

ముఖము చూడకుండా, గొంతు వినకుండా, కేవలము అక్షరములతో పరిచయమైన మనుష్యులను మనవారు అనుకోవచ్చా? 2020 మార్చి నెలాఖరులో దేశమంతటా లాక్‌డౌన్ విధించి ఆరాధనా మందిరముల తలుపులు మూసినప్పుడు ఈ ప్రశ్న మన సంఘములలో అనేకులకు మొదటిసారి ఎదురైంది. ఆదివారపు ఆరాధన ఫోను తెరమీదికి వచ్చింది. కొందరు దానిని సహవాసమే అన్నారు. మరికొందరు అది చూడడమే తప్ప కూడుకోవడము కాదన్నారు. తలుపులు తిరిగి తెరుచుకున్నాక ఆ వాదన సద్దుమణిగింది గాని, దానికి సమాధానము దొరికిందని చెప్పలేము.

దూరముగా ఉన్నవారితో వ్రాత ద్వారా సంబంధము పెట్టుకోవడము వేదాంత విద్యార్థులకు క్రొత్త సంగతి కాదు. పౌలు రోమాలోని విశ్వాసులకు పత్రిక వ్రాసే నాటికి ఆ పట్టణములో అడుగుపెట్టలేదు. మరొక ప్రక్క యోహాను రెండవ, మూడవ పత్రికలు రెండును సిరాతో సరిపెట్టక ముఖాముఖిగా కలుసుకోవాలనే కోరికతో ముగుస్తాయి. వ్రాత సంబంధమును పుట్టించగలదు. అయినా వ్రాసినవారికి ఏదో కొరత మిగులుతుంది. ఈ రెండు సత్యములను కలిపి పట్టుకోవడము అవసరమని మేము భావిస్తున్నాము.

ఆన్‌లైన్ సంబంధముల గురించి మన మధ్య జరిగే చర్చ సాధారణముగా వాటిని పొగడడముతోనో తిట్టడముతోనో ఆగిపోతుంది. వాటి చరిత్రను చూసేవారు తక్కువ. అందుచేత ఈ వ్యాసములో ఒకే ఒక ఆన్‌లైన్ సమాజమును తీసుకొని, అది ఎలా పుట్టింది, ఏ నియమముల మీద నిలిచింది, ఎక్కడ గాయపడింది, ఎలా బ్రతికి బయటపడింది అనే విషయములను పరిశీలిస్తాము. ఆ తరువాత, ఆ చరిత్ర తెలుగువారమైన మనకు ఎంతవరకు వర్తిస్తుందో ఆలోచిస్తాము.

2. పూర్వరంగము

1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఆర్పానెట్ అనే వ్యవస్థ ద్వారా మొదటి ఈమెయిలు పంపారు. పంపిన కంప్యూటరు, అందుకున్న కంప్యూటరు ప్రక్కప్రక్కనే ఉన్నాయి! 1973లో ఇలినాయ్ విశ్వవిద్యాలయములో పాఠములు చెప్పడానికి నిర్మించిన ‘ప్లేటో’ అనే కంప్యూటరు వ్యవస్థలో విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకొనే ఏర్పాట్లు చేసుకున్నారు. 1978 ఆరంభములో షికాగో నగరము మంచు తుపానులో చిక్కుకొన్న రోజులలో వార్డ్ క్రిస్టెన్‌సన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు మిత్రులు టెలిఫోను తీగ ద్వారా చేరగల ఒక ‘ప్రకటనల పలక’ను తయారుచేశారు. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆలోచనగా మొదలైన ‘యూజ్‌నెట్’ 1980 నుండి విశ్వవిద్యాలయముల మధ్య చర్చలను మోసింది.

వీటన్నిటిలో ఒక పోలిక కనబడుతుంది. ఆర్పానెట్‌ను కంప్యూటర్ల శక్తిని పంచుకోవడానికి నిర్మించారు, ప్లేటోను బోధనకు నిర్మించారు. కాని మనుష్యులు చేరిన ప్రతి చోట అవి మాట్లాడుకొనే స్థలములుగా మారాయి. మాట కోసము మనిషికి ఉన్న ఆకలి యంత్రమును తయారుచేసినవారి ఉద్దేశమును దాటిపోయింది.

3. బావి త్రవ్వినవారు

1985లో కాలిఫోర్నియా రాష్ట్రములోని సాసలీటో అనే సముద్రతీరపు చిన్న పట్టణములో ‘హోల్ ఎర్త్ లెక్ట్రానిక్ లింక్’ అనే చర్చావేదిక ప్రారంభమైంది. ఆ పేరులోని మొదటి అక్షరములను కలిపితే ఆంగ్లములో ‘వెల్’ అవుతుంది. ఆ మాటకు బావి అనే అర్థము ఉంది.

దీని స్థాపకులు ఇద్దరు. ఒకరు 1968లో ‘హోల్ ఎర్త్ కేటలాగ్’ అనే ప్రసిద్ధ ప్రచురణను ప్రారంభించిన స్టీవర్ట్ బ్రాండ్. రెండవవారు లారీ బ్రిలియంట్ అనే వైద్యుడు. ఈ రెండవ వ్యక్తి కథ మన దేశముతో ముడిపడినది. 1970ల ఆరంభములో ఆయన భారతదేశము వచ్చి నైనిటాల్ సమీపములోని కైంచిలో నీమ్ కరోలీ బాబా ఆశ్రమములో గడిపారు. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందముతో కలిసి మశూచి నిర్మూలనలో పనిచేశారు. మన దేశములో మశూచి 1975లో అంతరించింది. 1978లో ఆయన, మరికొందరు కలిసి అంధత్వ నివారణకై ‘సేవా ఫౌండేషన్’ అనే సంస్థను స్థాపించారు. మదురైలోని అరవింద కంటి ఆసుపత్రికి ఈ సంస్థ తోడ్పడింది. నేపాల్‌లో అంధత్వ సర్వేకు వాడుతున్న హెలికాప్టరు చెడిపోయినప్పుడు, వేరువేరు దేశములలో ఉన్నవారిని కంప్యూటరు ద్వారా సంప్రదించి దానిని బాగుచేయించామని బ్రిలియంట్ చెప్పారు. దూరముగా ఉన్నవారు తెరమీద కూడి ఒక పని సాధించగలరని ఆయనకు నమ్మకము కలిగించిన అనుభవములలో ఇది ఒకటి.

బ్రిలియంట్‌కు చెందిన కంపెనీ కంప్యూటరును, చర్చలు నడిపే సాఫ్ట్‌వేరును సమకూర్చింది. బ్రాండ్‌కు చెందిన లాభాపేక్ష లేని సంస్థ మనుష్యులను సమకూర్చింది. సభ్యులు తమ ఇంటి టెలిఫోనుకు మోడెమ్ తగిలించి, నెలసరి చందాతో పాటు వాడుకున్న గంటలకు కూడా రుసుము చెల్లించి లోపలికి రావాలి. వేదికలో అంశముల వారీగా గదుల వంటి చర్చలు ఉండేవి. ఒక్కొక్క చర్చకు ఒక నిర్వాహకుడు ఉండేవాడు. బొమ్మలు లేవు, శబ్దము లేదు. నల్లని తెరమీద అక్షరములు మాత్రమే.

4. ‘ఫార్మ్’ నుండి వచ్చినవారు

వెల్‌ను తొలి సంవత్సరములలో నడిపినవారి నేపథ్యము సంఘ చరిత్ర చదివేవారికి ఆసక్తి కలిగిస్తుంది. మొదటి మేనేజరు మాథ్యూ మెక్‌క్లూర్, ఆయన తరువాత వచ్చిన క్లిఫ్ ఫిగలో, సభ్యుల బాగోగులు చూసిన జాన్ కోట్ — ఈ ముగ్గురూ అంతకుముందు టెనెసీ రాష్ట్రములోని ‘ది ఫార్మ్’ అనే ఉమ్మడి జీవన సమాజములో సంవత్సరముల తరబడి నివసించినవారు. 1971లో స్టీఫెన్ గాస్కిన్ నాయకత్వములో పాత బస్సులలో తరలివచ్చిన యువకులు స్థాపించిన ఆ సమాజములో సొంత ఆస్తి లేదు. సంపాదన, భోజనము, ఇల్లు అన్నీ ఉమ్మడి. అపొస్తలుల కార్యములలో యెరూషలేము సంఘము సమస్తమును సమిష్టిగా ఉంచుకొన్న సంగతి ఎరిగినవారికి ఈ ప్రయత్నము అపరిచితముగా తోచదు. అప్పుల భారముతో 1983లో ఆ ఉమ్మడి ఆర్థిక విధానము ముగిసింది, అనేకులు వెళ్లిపోయారు.

ఈ ముగ్గురికి కంప్యూటర్లలో గొప్ప ప్రవేశము లేదు. ఒకే ఇంటిలో అనేక కుటుంబములు ఉన్నప్పుడు తగవులు ఎలా పుడతాయి, ఎలా తీరుతాయి, అలిగినవాడిని ఎలా పిలుచుకొని రావాలి అనే సంగతులు మాత్రము వారికి అనుభవములో ఉన్నాయి. తెరమీది చర్చను కూడా వారు అదే దృష్టితో చూశారు. జాన్ కోట్ 1990ల ఆరంభములో వ్రాసిన ఒక వ్యాసములో ఇటువంటి వేదికను నడిపేవాడిని సత్రము నడిపేవాడితో పోల్చారు. వచ్చినవారిని పలుకరించడము, ఒకరికి మరొకరిని పరిచయము చేయడము, గొడవ ముదిరితే మధ్యలో నిలబడడము అతని పని.

మరొక ముఖ్యమైన విషయము. వెల్ సభ్యులలో ఎక్కువ మంది శాన్ ఫ్రాన్సిస్కో పరిసరములలోనే ఉండేవారు. సాసలీటో కార్యాలయములో నెలనెలా విందులు జరిగేవి. తెరమీద నెలల తరబడి వాదించుకున్నవారు అక్కడ ఒకే బల్ల దగ్గర భోజనము చేశారు. కాబట్టి ఈ సమాజమును ‘ముఖము లేని సంబంధము’నకు ఉదాహరణగా చెప్పడము పూర్తిగా సరికాదు. అక్షరము పరిచయమును ఇచ్చింది, భోజనపు బల్ల దానిని గట్టిపరచింది.

5. పేరు, మాట, బాధ్యత

వెల్‌లో ప్రవేశించిన ప్రతి సభ్యునికి ఒక వాక్యము కనబడేది. మీ మాటలు మీ సొంతము అని దాని భావము. దీనిని బ్రాండ్ రూపొందించారు. సభ్యుల వ్రాతల వలన వచ్చే చట్టపరమైన చిక్కులు వేదిక మెడకు చుట్టుకోకూడదన్నది ఆయన తొలి ఉద్దేశము. సభ్యులు దానిని మరొక విధముగా కూడ చదివారు: నేను వ్రాసినదానిపై హక్కు నాదే, నా అనుమతి లేకుండా మరెవరూ దానిని అచ్చువేయకూడదు. ఒకే వాక్యములో హక్కు, బాధ్యత రెండూ ఇమిడి ఉన్నాయి. ఈ రెండింటి మధ్య పెనుగులాటయే వెల్ చరిత్రలో చాలా భాగము.

రెండవ నియమము పేరుకు సంబంధించినది. సభ్యుడు ఏ ముద్దుపేరుతో వ్రాసినా, అతని అసలు పేరును ఇతర సభ్యులు చూడగలిగేవారు. పేరు లేకుండా వ్రాయదగిన ఒక చర్చను ఒకసారి ప్రయోగముగా తెరిచారు. అందులో ఒకరి పేరుతో మరొకరు వ్రాయడము, దూషణ పెరిగిపోవడముతో కొద్దికాలానికే దానిని మూసివేశారు.

ఈ జాగ్రత్త ఎందుకు అవసరమైందో అదే కాలములో మరొక వేదికలో జరిగిన సంఘటన తెలియజేస్తుంది. 1980ల తొలి భాగములో ‘కంప్యూసర్వ్’ అనే సంస్థ నడిపిన సంభాషణా వేదికలో, ప్రమాదములో వికలాంగురాలైన స్త్రీనని చెప్పుకొన్న ఒక వ్యక్తి అనేక మంది స్త్రీలకు ఆప్తమిత్రురాలైంది. వారి దుఃఖములు విన్నది, ధైర్యము చెప్పింది. చివరకు ఆ ‘స్త్రీ’ ఒక పురుషుడని, వృత్తిరీత్యా మానసిక వైద్యుడని బయటపడింది. 1985లో లిండ్సీ వాన్ గెల్డర్ అనే పాత్రికేయురాలు ‘మిజ్’ పత్రికలో ఈ ఉదంతమును ప్రకటించారు. మోసపోయినవారు కోపముతో పాటు ఆప్తురాలిని పోగొట్టుకున్న దుఃఖమును కూడ అనుభవించారు.

ఈ సంఘటనను ఆన్‌లైన్ సంబంధములన్నీ బూటకమనడానికి సాక్ష్యముగా చూపడము పరిపాటి. మేము దీనిని మరొక విధముగా చదువుతున్నాము. లేని సంబంధమునకు ద్రోహము చేయడము ఎవరికీ సాధ్యము కాదు. ఆ స్త్రీలు పొందిన గాయము నిజమైనదైతే, వారు పెట్టుకున్న నమ్మకము కూడ నిజమైనదే. అబద్ధము ఆ మనిషి చెప్పుకొన్న కథలో ఉంది, వారి స్నేహములో లేదు.

6. వ్యాధిలోను మరణములోను

వెల్ జీవితమును బయటి లోకానికి తెలియజేసిన గ్రంథము హోవార్డ్ రైన్‌గోల్డ్ 1993లో ప్రచురించిన ‘ది వర్చువల్ కమ్యూనిటీ’. ఆయన స్వయముగా వెల్ సభ్యుడు. ఒకసారి ఆయన చిన్న కుమార్తె తలలో ఒక పిడుదు కరచుకొని ఉంది. రాత్రివేళ భార్య డాక్టరుకు ఫోను చేసి జవాబు కోసము వేచి ఉండగా, ఆయన వెల్‌లోని తల్లిదండ్రుల చర్చలో సంగతి వ్రాశారు. డాక్టరు దగ్గర నుండి ఫోను రాకముందే వెల్‌లో సలహా వచ్చింది, ఆయన ఆ పిడుదును తీసివేశారు. అదే చర్చలో మరొక తండ్రి తన కుమారునికి రక్త క్యాన్సరు అని తెలిసినప్పుడు ఆ సంగతి వ్రాశాడు. సభ్యులలో ఉన్న డాక్టర్లు, నర్సులు, అటువంటి వ్యాధిని ఎదుర్కొన్నవారు అతనికి తోడుగా నిలిచారు.

మరొక ఉదంతము మన దేశములో జరిగినది. వెల్ సభ్యురాలు ఒకామె హిమాలయ ప్రాంతమునకు వెళ్లి బౌద్ధ సన్యాసిని అయ్యారు. కొంతకాలము తరువాత ఆమె న్యూఢిల్లీలో ప్రాణాపాయ స్థితిలో ఉన్నారనే వార్త వెల్‌కు చేరింది. వెంటనే సభ్యులు వైద్య సలహాలు, ఢిల్లీలో తమకున్న పరిచయములు, డబ్బు కూడగట్టారు. ఆమె కోలుకొన్నారు. వేల మైళ్ల అవతల ఉన్న రోగి మంచము దగ్గరకు ఆ అక్షరములు చేరాయి.

1995లో టామ్ మాండెల్ అనే సభ్యుడు ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించారు. ఆయన వెల్‌లో బాగా పేరున్నవాడు, వాదనలో కరుకైనవాడు. తన జబ్బు సంగతి ఆయనే వెల్‌లో తెలియజేశారు, అక్కడే సెలవు తీసుకొన్నారు. ఆయనతో ఏండ్ల తరబడి తగవులాడినవారు కూడ అక్కడే వీడ్కోలు వ్రాశారు.

7. చెరిపివేసిన మాటలు

ఈ చరిత్రలో అన్నిటికంటె కష్టమైన అధ్యాయము 1990 నాటిది. వెల్‌లో సభ్యుడు తాను వ్రాసినదానిని తానే చెరిపివేసుకొనే వీలు ఉండేది. మాటలు తనవే గనుక ఆ హక్కు సహజమే అనిపిస్తుంది. ఆ సంవత్సరము ఒక సభ్యుడు, అనేక చర్చలలో ఎంతో కాలముగా పాల్గొన్నవాడు, తాను వ్రాసినవన్నీ ఒకేసారి తుడిచివేశాడు. పాత చర్చలు తెరిచినవారికి ఆయన మాట ఉండవలసిన చోట ఖాళీ కనబడింది. ప్రశ్న పోయి జవాబు మిగిలింది. జవాబు పోయి దానికి వచ్చిన కృతజ్ఞత మిగిలింది. సభ్యులు బాధపడ్డారు, కొందరు కోపగించుకొన్నారు. కొన్ని వారములకు ఆయన తన ప్రాణమును కూడ తీసుకొన్నాడు.

ఆయన అంత్యక్రియలకు వెల్ సభ్యులు వెళ్లారు. తెరమీద మాత్రమే ఎరిగినవారు కొందరు ఒకరినొకరు మొదటిసారి అక్కడే చూసుకొన్నారు. ముందుగా గుర్తించి ఉండవలసినది కదా అనే ప్రశ్న వారిని చాలా కాలము వెంటాడింది. ఆయన మరణమునకు కారణము ఇది అని నిర్ణయించడము చరిత్రకారుని పని కాదు. అయితే ఈ సంఘటన ఒక ప్రశ్నను మన ముందు ఉంచుతుంది. నా మాట నాదే అయినప్పుడు దానిని వెనుకకు తీసుకొనే హక్కు నాకు ఉంది. కాని ఆ మాటకు మరొకరు జవాబిచ్చాక ఏర్పడిన సంభాషణ ఎవరిది? వెల్ సభ్యులు ఈ ప్రశ్నకు తుది తీర్పు చెప్పలేదు. మా అభిప్రాయములో, మాట వ్రాసినవానిది. సంభాషణ మాత్రము ఇద్దరిది. సంబంధము అంటే ఇదే. అందులో నా భాగమును నేను తీసుకొని వెళ్లిపోతే మిగిలినది ఎదుటివాని భాగము కాదు, చిరిగిపోయిన బట్ట.

ఇంకొక సంగతి కూడ గమనించాలి. తన గతమునంతా చెరిపివేసుకొనేవాడు కొన్నిసార్లు మాటలతో చెప్పలేనిదానిని ఆ పనితో చెబుతున్నాడేమో! అటువంటివానితో హక్కుల గురించి వాదించే ముందు అతని తలుపు తట్టడము మేలు.

8. ఇల్లు ఎవరిది?

మాట ఎవరిది అనే ప్రశ్నకు జంటగా మాట దాచిన ఇల్లు ఎవరిది అనే ప్రశ్న ఉంది. 1992లో వెల్ ఇంటర్నెట్టుతో కలిసింది. 1994లో చెప్పుల పరిశ్రమకు చెందిన బ్రూస్ కాట్జ్ దానిని పూర్తిగా కొన్నారు. వ్యాపారముగా పెంచాలనే ఆయన ఆలోచన పాత సభ్యులలో కొందరికి నచ్చలేదు. వారు బయటకు వచ్చి సభ్యులే యజమానులుగా ‘ది రివర్’ అనే మరొక వేదికను ప్రారంభించారు. 1999లో వెల్‌ను ‘సలాన్’ అనే పత్రికా సంస్థ కొన్నది. 2012లో ఆ సంస్థ అమ్మకానికి పెట్టినప్పుడు సభ్యులలో కొందరు డబ్బు పోగుచేసి 4 లక్షల డాలర్లకు తామే కొనుక్కొన్నారు. అప్పటికి చందాదారులు 3 వేలకు లోపే. సంఖ్యలో చిన్నదైన సమాజము తన ఇంటిని తానే దక్కించుకొన్నది.

తెలుగువారి అనుభవము ఇందుకు భిన్నమైనది. 1990ల తొలి సంవత్సరములలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో తెలుగు చర్చావేదికను ఏర్పరచుకొన్నారు. కంప్యూటరులో తెలుగు అక్షరములు లేని ఆ రోజులలో రోమను లిపిలోనే తెలుగు వ్రాసుకొన్నారు. దానికై రైస్ విశ్వవిద్యాలయములో ఒక లిప్యంతరీకరణ పద్ధతి తయారైంది. దానిని ఆ విశ్వవిద్యాలయము పేరుతోనే పిలుస్తారు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు అందించడము మొదలుపెట్టింది. 1998లో ‘ఈమాట’ పత్రిక అమెరికా నుండి వెలువడింది, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఈ కాలములోనే యాహూ గ్రూపులలో సాహిత్యాభిమానులు, ఒకే కళాశాలలో చదివినవారు, ప్రార్థనలో ఏకీభవించేవారు కూడుకొన్నారు. 2004లో వచ్చిన ఆర్కుట్ మన దేశ యువతరానికి తొలి ఆన్‌లైన్ రచ్చబండ అయ్యింది.

ఆ ఇండ్లు వారివి కావు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. యాహూ గ్రూపులలోని పాత ఉత్తరములను తీసివేస్తున్నట్లు ఆ సంస్థ 2019 అక్టోబరులో ప్రకటించింది. 2020 డిసెంబరు 15న ఆ సేవ పూర్తిగా ఆగిపోయింది. ముందుచూపుతో దాచుకొన్నవారివి దక్కాయి. దాచుకోనివారివి పోయాయి.

సంఘ చరిత్ర వ్రాసేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. 1706లో తరంగంబాడిలో ప్రారంభమైన మిషను సేవకుల ఉత్తరములు జర్మనీలోని హాలె పట్టణములో భద్రముగా ఉన్నాయి. తెలుగులోనికి బైబిలు భాగములు అనువదించిన బెంజమిన్ షుల్ట్జ్ ఏమి ఆలోచించాడో, ఎవరితో విభేదించాడో మూడు వందల సంవత్సరముల తరువాత కూడ పరిశోధకుడు తెలుసుకోగలడు. మరి 2005లో గుంటూరు నుండి ఒక తల్లి విదేశములో ఉన్న కుమారుని కొరకు ప్రార్థించమని ఒక గ్రూపులో వ్రాసి ఉంటే, దానికి పది మంది జవాబిచ్చి ఉంటే, ఆ ఉత్తరములు నేడు ఎక్కడ దొరుకుతాయి? మన తాతల ఉత్తరముల కంటె మన ఉత్తరములే ముందుగా నశించిపోతున్నాయి.

9. మన బావుల దగ్గర

వెల్ చరిత్రను మెచ్చుకొంటూనే దాని హద్దులను కూడ చెప్పాలి. ఆ బావి దగ్గరకు రావడానికి కంప్యూటరు, మోడెమ్, టెలిఫోను, డాలర్లు, ఆంగ్లములో చక్కగా వ్రాయగల నేర్పు కావాలి. అక్కడ చేరినవారు చాలావరకు ఒకే ప్రాంతపు విద్యావంతులు.

బావి అనే మాట మన దేశములో అమాయకమైనది కాదు. మన గ్రామములలో మాల, మాదిగలు ఊరి బావిని ముట్టుకోకూడదనే ఆచారము తరతరములు సాగింది. 1927 మార్చిలో మహారాష్ట్రలోని మహద్‌లో డాక్టర్ అంబేద్కర్ వేలాది మందితో కలిసి చెరువు నీరు త్రాగడము ఒక ఉద్యమము కావలసి వచ్చింది. సమరయ స్త్రీ బావి దగ్గర యేసు నీరు అడగడములోని విశేషము మన విశ్వాసులకు వ్యాఖ్యానము లేకుండానే అర్థమయ్యింది ఇందుచేతనే.

ఈ దృష్టితో చూస్తే అసలు పేరు చెప్పాలనే వెల్ నియమము మన మధ్య వేరే అర్థమును పొందుతుంది. కాలిఫోర్నియాలో అసలు పేరు బాధ్యతకు గుర్తు. మన దగ్గర ఇంటి పేరు చెప్పగానే కులము తెలిసిపోతుంది. ఒంగోలు ప్రాంతములో 1878 జూలై 3న ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సంఘ చరిత్రలో ప్రసిద్ధము. బాప్తిస్మములో క్రొత్త పేరు వచ్చినా ఇంటి పేరు మాత్రము వెంట వచ్చింది. అటువంటి సమాజములో మారుపేరు ఎల్లప్పుడు మోసగాని ముసుగు కాదు. ఒక యువకుడు తన వాదనను కులము అడ్డు లేకుండా వినిపించడానికి, ఒక స్త్రీ వేధింపు లేకుండా మాట్లాడడానికి అది కొన్నిసార్లు నీడ అవుతుంది.

అయితే బాధ్యత ఎలా నిలుస్తుంది? దీనికి జవాబు మన సాహిత్య సంప్రదాయములోనే ఉందని మేము అనుకొంటున్నాము. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి ‘ఆరుద్ర’ అనే పేరుతో వ్రాశారు. ఆ పేరు వెనుక ఆయన దాగలేదు. కలం పేరు ఒకసారి పెట్టుకొన్నాక దానినే జీవితాంతము మోసి, దానికి వచ్చిన పొగడ్తకు, తిట్టుకు జవాబుదారీ అవుతాడు రచయిత. వేషము ఎప్పటికప్పుడు మార్చేవానికి, ఒకే కలం పేరును నిలబెట్టుకొనేవానికి ఇదే భేదము. మనకు కావలసినది ఇంటి పేరు కాదు. రేపు కూడ అదే పేరుతో వచ్చి నిన్న అన్న మాటకు జవాబు చెప్పే మనిషి.

10. ముగింపు

ఈ పరిశీలనలో మేము గ్రహించినది క్లుప్తముగా చెబుతాము. ఆన్‌లైన్ సంబంధము నిజమా అబద్ధమా అని మొత్తముగా అడిగితే ప్రయోజనము లేదు. వెల్ చరిత్ర మనకు మూడు చిన్న ప్రశ్నలను ఇస్తుంది. మాట అన్నవాడు దానికి నిలబడుతున్నాడా? ఒకనికి జబ్బు చేసినప్పుడు, ఒకడు మౌనమైపోయినప్పుడు మిగిలినవారు గమనిస్తున్నారా? మాటలను దాచిన ఇంటి తాళపు చెవి మాటలాడినవారి చేతిలో ఉందా? వీటికి నాలుగవది మన నేల చేర్చుతుంది: ఆ బావి దగ్గరకు రాలేనివాడు ఎవడు?

సంఘములు ఈ విషయములో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. లాక్‌డౌన్ కాలపు ప్రార్థన విన్నపములు, సాక్ష్యములు, మరణ వార్తలు ఇంకా ఫోనులలో ఉండగానే, సంబంధించినవారి అనుమతితో వ్రాసి సంఘ దస్త్రములలో భద్రపరచవచ్చు. ఫోను గ్రూపు నడిపేవారిని నియమించేటప్పుడు సాంకేతిక నేర్పు కంటె సత్రము నడిపేవాని ఓర్పును చూడవచ్చు.

మొదట అడిగిన ప్రశ్నకు తిరిగి వద్దాము. 2020లో తెరమీద జరిగిన ఆరాధన సహవాసమా కాదా? దానికి జవాబు తెరమీద దొరకదు. ఆ వారము తెరమీద కనబడని విశ్వాసి ఎవరు, ఫోనులో డేటా వేయించుకోలేని విధవరాలు ఎవరు అని ఎవరైనా లెక్క చూసుకొన్నారా, చూసుకొని ఆమె ఇంటికి ఫోను చేశారా, వీలైన మొదటి రోజున ఆ గడప దగ్గరకు వెళ్లారా అన్నదే జవాబు. వెళ్లిన చోట అది సహవాసమే. వెళ్లని చోట, మందిరము తెరిచి ఉన్న రోజులలో కూడ అది ఎంతవరకు సహవాసమో మనలను మనమే ప్రశ్నించుకోవాలి.